ఇంగ్లీషు జాతీయాల పుట్టుపూర్వోత్తరాలు తేల్చుకోవడం ఎలా?

బ్యాంకు ఉద్యోగాలకో, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకో చదివేవాళ్ల దగ్గర ఇంగ్లీషు జాతీయాల జాబితా ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎడమవైపు జాతీయం, కుడివైపు అర్థం. బట్టీ పడితే పరీక్ష గట్టెక్కవచ్చు గానీ, నెల తిరిగేసరికి సగం మరుపున పడతాయి. గుర్తున్న సగాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలియక ఇంటర్వ్యూలో టెన్షన్ పడతాం. అదే ఒక జాతీయం ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట నలిగిందో తెలిస్తే, దాని అర్థాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

చిక్కల్లా ఏమిటంటే, పుట్టుక పేరుతో ప్రచారంలో ఉన్న కథల్లో చాలావరకు ఎవరో తీరిగ్గా అల్లినవే. వాట్సాప్‌లో వచ్చేవే కాదు, అచ్చయిన పుస్తకాల్లోనూ, క్లాసులో మేష్టార్లు చెప్పేవాటిలోనూ ఇవి దండిగా కనిపిస్తాయి. కథ ఎంత రసవత్తరంగా ఉంటే అంత వేగంగా పాకుతుంది. వీటిని వడగట్టడానికి నా దృష్టిలో అన్నిటికంటే గట్టి సాధనం ఒక్కటే: తేదీ. ఆ మాట రాతలో మొదటిసారి ఎప్పుడు కనిపించింది? ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటైతే సగానికి సగం కథలు అక్కడికక్కడే రాలిపోతాయి. అది ఎలా అడగాలో, జవాబు ఎక్కడ వెతకాలో ఒక్కో అడుగుగా చెబుతాను.

మొదటి అడుగు: జాతీయాన్ని కాదు, వాక్యాన్ని రాసుకోండి

విన్నప్పుడో చదివినప్పుడో జాతీయం ఒక్కటే నోట్ చేసుకుంటే లాభం లేదు. మొత్తం వాక్యం రాసుకోండి. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అనేది పక్కనే ఒక ముక్క రాయండి.

'బైట్ ద బుల్లెట్' సంగతి చూద్దాం. ఇంగ్లీషు పేపర్ సంపాదకీయాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. చార్జీలు పెంచడమో, నష్టాల్లో ఉన్న సంస్థను మూసేయడమో ప్రభుత్వం ఇక వాయిదా వేయలేదు, బాధగా ఉన్నా ఆ పని చేసి తీరాలి అని చెప్పేటప్పుడు వాడతారు. జాబితాలో 'ధైర్యంగా ఎదుర్కోవడం' అని ఉంటుంది. కానీ వాక్యాన్ని చూస్తే అది ఉత్త ధైర్యం కాదని తెలిసిపోతుంది. తప్పించుకోలేని నొప్పిని నోరెత్తకుండా భరించడం అందులో ఉంది. మనం 'పంటి బిగువున' భరించాడు అంటామే, దాదాపు అదే.

ఇంకో సంగతి కూడా గమనించండి: జాతీయంలో మాటలు బిగుసుకుపోయి ఉంటాయి. ఇక్కడ 'ద' తీసి 'ఎ' పెడితే ఎవరో నిజంగా ఒక తూటాను కొరికినట్టవుతుంది. ఏ మాట మార్చవచ్చో, ఏది మార్చకూడదో కూడా రాసుకోండి. పుట్టుక వెతికేటప్పుడు ఇది పనికొస్తుంది.

రెండో అడుగు: అర్థంతో పాటు మర్యాద కూడా కనిపెట్టండి

మెరియమ్ వెబ్‌స్టర్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ నిఘంటువులు మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకదానితో సరిపెట్టుకోకుండా రెండింటిలోనైనా చూడండి. ఉదాహరణ వాక్యాలను, అర్థం పక్కన ఉండే సూచనలను వదలకండి. ఇది మాటవరస భాష, ఇది పాతబడింది, ఇది హాస్యానికి వాడేది అని అక్కడే రాసి ఉంటుంది.

'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం. కానీ ఏ రకం చనిపోవడం? తెలుగులో పరమపదించారు, కాలం చేశారు, పోయారు, టపా కట్టేశాడు అన్నీ ఒకే సంగతి చెప్పినా ఒకే మర్యాదలో లేవు కదా. ఇంగ్లీషు జాతీయం టపా కట్టడం వరసలోది. దాన్నే మనవాళ్లు 'బాల్చీ తన్నేశాడు' అని తెలుగు చేసుకున్నారు. ఆ తెలుగు మాట ఎవరి ముందు అనగలరో ఇంగ్లీషుదీ వాళ్ల ముందే అనాలి. మేనేజరు గారి తండ్రి పోయినప్పుడు పంపే సంతాప సందేశంలో ఇది రాస్తే ఉద్యోగానికే ముప్పు.

దీని పుట్టుక గురించి రెండు మాటలు. బాల్చీ బోర్లించి దాని మీద నిలబడి, ఉరి బిగించుకుని, బాల్చీని కాలితో తన్నేవారు అనే కథ అందరికీ తెలిసిందే. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన 1785లో వేసిన లండన్ వీధిభాషా నిఘంటువులో ఈ జాతీయం ఉంది గానీ, అక్కడ ఉరి ఊసే లేదు. ఇంగ్లండ్‌లో కొన్ని ప్రాంతాల మాండలికంలో 'బకెట్' అంటే దూలం. కోసిన పందిని కాళ్లు కట్టి దానికి వేలాడదీసేవారు, ప్రాణం పోయేటప్పుడు అది ఆ దూలాన్ని తన్నుకునేది. పండితులు ఎక్కువగా ఈ రెండో వివరణ వైపు మొగ్గారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. కచ్చితమని మాత్రం చెప్పలేం.

మూడో అడుగు: మొదటి తేదీ వెతకండి

అసలు పని ఇక్కడే ఉంది. దేని దగ్గరికి ఏ పని మీద వెళ్లాలో తెలిస్తే చాలా టైమ్ కలిసొస్తుంది.

మొదట ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ చూడండి. ఉచితం, క్లుప్తంగా ఉంటుంది, చాలా మాటలకు తేదీ ఇస్తుంది. వీధిభాష అయితే గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్. దాని ప్రత్యేకత ఏమిటంటే ఒక్కో మాట ఏ ఏడు ఏ రచనలో ఎలా వచ్చిందో వరసగా చూపిస్తుంది. అన్నిటికీ పెద్దదిక్కు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ. దానికి చందా కట్టాలి, లేదా చందా ఉన్న యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాలి. 1884 నుంచి 1928 దాకా భాగాలుగా వచ్చిన దాని మొదటి ముద్రణ మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. పాత జాతీయాలకు అదే చాలాసార్లు సరిపోతుంది.

నిఘంటువులు తేదీ ఇచ్చాక ఆగిపోకండి. గూగుల్ బుక్స్‌లో జాతీయాన్ని డబుల్ కోట్స్ మధ్య పెట్టి, తేదీల దగ్గర ముగింపు సంవత్సరం పెట్టి వెతకండి. నిఘంటువు 1850 అంటే మీరు 1849 అని పెట్టండి. అంతకుముందే ఉంటే బయటపడుతుంది. అమెరికా మాట అయితే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికాలో పాత పత్రికలు, ఆస్ట్రేలియా మాట అయితే ట్రోవ్‌లో అక్కడి పత్రికలు ఉచితంగా వెతకవచ్చు.

ఇక్కడ రెండు మోసాలున్నాయి, కొత్తవాళ్లు తప్పకుండా పడేవి. ఒకటి, గూగుల్ బుక్స్ పత్రికల తేదీలు. ఏళ్ల తరబడి నడిచిన పత్రికకు కొన్నిసార్లు అది మొదలైన సంవత్సరమే చూపిస్తుంది. పత్రిక 1840లో పుడితే, 1925 సంచికలోని వాక్యం కూడా 1840 ది అన్నట్టు కనబడుతుంది. అందుకే తేదీ చూసి సంబరపడకుండా పేజీ తెరిచి, అట్టపేజీ దాకా వెనక్కి వెళ్లి సంచిక తేదీ చూడాలి. పేజీ తెరుచుకోక ఒక ముక్క మాత్రమే కనిపిస్తే, ఆ చుట్టుపక్కల ఏ సంఘటన ప్రస్తావన ఉందో చూడాలి. రెండోది, పాత అచ్చు. 18వ శతాబ్దం చివరి దాకా ఇంగ్లీషు అచ్చులో 'ఎస్' అక్షరం మాట మొదట్లోనూ మధ్యలోనూ 'ఎఫ్' లాగా కనిపించేది. కంప్యూటర్ దాన్ని ఎఫ్‌గానే చదివేస్తుంది. కాబట్టి 1800కి ముందు పుస్తకాల్లో వెతికేటప్పుడు 'ఎస్' ఉన్నచోట 'ఎఫ్' పెట్టి మళ్లీ ఒకసారి వెతకండి. మామూలుగా వెతికితే చిక్కనివి అలా చిక్కుతాయి.

నాలుగో అడుగు: కథను తేదీ పక్కన నిలబెట్టండి

ఇప్పుడు 'బైట్ ద బుల్లెట్' దగ్గరికి మళ్లీ వద్దాం. మన దేశంలో దీనికి బాగా ప్రచారంలో ఉన్న కథ 1857 తిరుగుబాటుది. ఎన్‌ఫీల్డ్ తుపాకుల తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారని, వాటిని పళ్లతో కొరకాల్సి రావడం సిపాయిలకు ధర్మసంకటమైందని స్కూలు పుస్తకాల్లో చదివాం. అందుకే 'ఇష్టం లేకపోయినా చేయక తప్పని పని' అనే అర్థం వచ్చిందంటారు. వినడానికి ఎంత అతికినట్టుందో! మన చరిత్ర కాబట్టి నమ్మబుద్ధి కూడా వేస్తుంది.

కానీ పైన చెప్పిన గ్రోస్ నిఘంటువు 1796 ముద్రణ తెరిస్తే 'నైటింగేల్' అనే మాట కింద ఒక సంగతి ఉంటుంది. కొరడా దెబ్బలు తినేటప్పుడు కేకలు పెట్టే సైనికుడిని తోటివాళ్లు 'నైటింగేల్', అంటే పాట పాడే పిట్ట, అని వెక్కిరించేవారట. కొన్ని రెజిమెంట్లలో నోరెత్తకపోవడం పరువుకు సంబంధించిన విషయం. అందుకని అరుపు బయటికి రాకుండా తుపాకి గుండును నములుతారని గ్రోస్ రాశాడు. ఇది 1857కు 61 ఏళ్ల ముందటి మాట. పైగా సిపాయిలు కొరికింది సీసపు గుండును కాదు, మందు నింపిన కాగితపు చుట్ట కొసను. జాతీయంలో ఉన్నది గుండు. 1857 కథ ఇక్కడితో ఆగిపోతుంది.

మత్తుమందు లేని రోజుల్లో ఆపరేషన్ చేసేటప్పుడు రోగి పళ్ల మధ్య తూటా పెట్టేవారనేది ఇంకో కథ. ఈథర్‌తో నొప్పి లేకుండా ఆపరేషన్ చేయవచ్చని బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపించింది 1846లో. కాబట్టి తేదీ పరీక్షలో ఇది ఓడిపోదు. అలాగని గెలిచినట్టూ కాదు. రాతలో ముందుగా దొరికింది కొరడా దెబ్బల ఆధారం. ఇక కష్టాన్ని తట్టుకోవడం అనే అర్థంలో ఈ మాట రుడ్‌యార్డ్ కిప్లింగ్ 1891 నాటి నవలలో కనిపిస్తుంది.

తేదీతో పాటు ఇంగితం కూడా వాడాలి. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్', అంటే కుండపోత వాన, గురించి 1999లో ఒక ఈమెయిల్ ప్రపంచమంతా తిరిగింది. 1500ల నాటి జీవితం ఎలా ఉండేదో చెబుతున్నట్టు పదీ పన్నెండు జాతీయాలకు కథలు కట్టిన ఈమెయిల్ అది. ఇప్పటికీ రకరకాల రూపాల్లో ఫార్వర్డ్ అవుతూనే ఉంది. ఇంగ్లండ్‌లో గడ్డి కప్పుల ఇళ్ల మీద కుక్కలు, పిల్లులు వెచ్చగా పడుకునేవని, గట్టి వాన పడితే జారి కింద పడేవని అందులో ఉంది. పూరింట్లో పుట్టి పెరిగిన మనవాళ్లను ఎవరినైనా అడగండి. వాన మొదలవగానే కుక్క చూరు కిందికో, అరుగు మీదికో చేరుతుంది గానీ, తడుస్తూ కప్పు మీద పడుకోదు. అసలు అంత ఏటవాలు కప్పు మీదికి కుక్క ఎక్కడమే గగనం.

రాతలో చూస్తే హెన్రీ వాన్ అనే కవి 1651లో కుక్కలు పిల్లుల వాన అనే ఊహ వాడాడు. 1653లో అచ్చయిన రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కుక్కలతో పాటు పోల్‌క్యాట్ అనే ముంగిస లాంటి జంతువు ఉంది. ఇవాళ మనం అనే రూపం 1738లో జొనాథన్ స్విఫ్ట్ రచనలో ఉంది. అదే స్విఫ్ట్ 1710లో రాసిన కవితలో లండన్ వాననీటికి చచ్చిన పిల్లులు, కుక్కపిల్లలు కొట్టుకొచ్చే వర్ణన ఉంటుంది. అదే మూలమని కొందరు గట్టిగా చెబుతారు. కానీ వాన్ వాడకం అంతకు 59 ఏళ్లు ముందుది కదా. ఈ జాతీయం మూలం ఇప్పటికీ తేలలేదు. తేలలేదని రాసుకోవడం కూడా ఫలితమే, దాన్ని నామోషీ అనుకోకండి.

అదే ఈమెయిల్‌లో 'సేవ్డ్ బై ద బెల్' కూడా ఉంది, ఆఖరి క్షణంలో గండం గట్టెక్కడం అని అర్థం. బతికుండగానే పాతిపెట్టేస్తారేమోనని శవపేటికలో తాడు పెట్టి పైన గంటకు కట్టేవారట. అలాంటి పేటికలకు 19వ శతాబ్దంలో పేటెంట్లు తీసుకున్నమాట నిజమే. కానీ ఈ మాట పుట్టింది బాక్సింగ్ రింగ్‌లో. ఓడిపోయే దశలో ఉన్నవాడికి రౌండు ముగిసిందని గంట మోగితే ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. 19వ శతాబ్దం చివరి ఆట వార్తల నుంచే అది బయటికి వచ్చింది.

ఇంతకంటే జాగ్రత్తగా చూడాల్సిన రకం ఇంకొకటుంది: సంఘటన నిజం, జాతీయంతో దానికి సంబంధం మాత్రం లేదు. 'రూల్ ఆఫ్ థంబ్' అంటే ఉజ్జాయింపు లెక్క, చేతి అంచనా. బొటనవేలి కంటే లావు లేని కర్రతో భార్యను కొట్టవచ్చని ఇంగ్లండ్ చట్టం చెప్పేదని, దాన్నుంచే ఈ మాట వచ్చిందని చాలామంది నమ్ముతారు. 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి అలాంటి మాట అన్నాడని ప్రచారమైంది. జేమ్స్ గిల్రే ఆయన్ను 'జడ్జ్ థంబ్' అంటూ కార్టూన్ కూడా గీశాడు. కార్టూన్ నిజం, ఆనాటి ఆడవాళ్ల అవస్థ అంతకంటే నిజం. కానీ 'రూల్ ఆఫ్ థంబ్' అప్పటికే వందేళ్ల నుంచీ పనివాళ్ల కొలత మాటగా రాతలో ఉంది. జానెడు, బెత్తెడు, మూర అని మనం చేతినే కొలబద్ద చేసుకోలేదూ? ఇదీ అలాంటిదే. భార్యలను కొట్టడంతో ఈ జాతీయాన్ని ముడిపెట్టడం బాగా వ్యాపించింది 1970ల తర్వాత.

ఐదో అడుగు: పాత రూపాలు పట్టుకోండి

జాతీయం పుట్టినప్పుడు ఇప్పుడున్నట్టే ఉండాలని లేదు. మాట మారుతుంది, అంకె మారుతుంది. పాత రూపం దొరికితే కొత్త రూపం మీద కట్టిన కథలన్నీ కూలిపోతాయి. దీనికి 'ద హోల్ నైన్ యార్డ్స్' కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అర్థం తెలిసిందే, మొత్తానికి మొత్తం, ఏదీ వదలకుండా. తొమ్మిది గజాలు దేనివి అనే దాని మీద అమెరికన్లు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల మెషీన్‌గన్ తూటాల పట్టీ తొమ్మిది గజాలుండేదని, అది మొత్తం కాల్చేయడమే ఈ మాటకు మూలమని అందరికంటే గట్టిగా వినిపించిన వాదన. కాంక్రీటు లారీలో పట్టేది తొమ్మిది ఘనగజాలు అన్నారు. మన తొమ్మిది గజాల చీరను కూడా ఇందులోకి లాగినవాళ్లున్నారు.

2012లో బానీ టేలర్ బ్లేక్, యేల్ లా లైబ్రరీలో పనిచేసే ఫ్రెడ్ షపీరో పాత పత్రికల్లో వెతికి పట్టుకున్నవి చూడండి. 1912లో కెంటకీ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి పేపర్, ఎన్నికల గొడవ గురించి రాస్తూ, వాళ్లు కొట్టుకుని చివరికి మొత్తం 'ఆరు గజాలూ' చెప్పేస్తారు అంటుంది. 1921లో సౌత్ కరోలైనా పత్రిక ఒకటి ఒక వార్తకు 'ద హోల్ సిక్స్ యార్డ్స్ ఆఫ్ ఇట్' అని శీర్షిక పెట్టింది. ఆ తర్వాత ఇండియానాలో 1907 నాటి పేపర్‌లోనే తొమ్మిది గజాల రూపం కూడా దొరికింది. అంటే ఆ రోజుల్లో ఆరూ అనేవారు, తొమ్మిదీ అనేవారు. రెండో ప్రపంచయుద్ధం ఇంకా మూడు దశాబ్దాల దూరంలో ఉంది. కాంక్రీటు లారీలు రోడ్డెక్కనే లేదు. అంకే స్థిరంగా లేనప్పుడు, ఫలానా వస్తువు సరిగ్గా తొమ్మిది గజాలుండేది అనే వాదనకు కాళ్లెక్కడివి?

ఆరు గజాలు, తొమ్మిది గజాలు రెండూ చీర కొలతలే కదా అని మనకు వెంటనే తడుతుంది. నాకూ ఆ ముచ్చట నచ్చుతుంది. కానీ కెంటకీ, ఇండియానా పల్లెటూరి పత్రికలకూ చీరకూ లంకె చూపే రాత ఒక్కటీ లేదు. ఆధారం లేనిచోట మన అభిమానం పనిచేయకూడదు.

ఆరో అడుగు: ఏ వృత్తివాళ్ల మాటో చూడండి

ఇంగ్లీషు జాతీయాలు ఎక్కువగా కొన్ని చోట్ల నుంచే వచ్చాయి: ఓడలు, బైబిలు, కోర్టు, నాటకశాల, పేకాట, వేట, బాక్సింగ్. జాతీయంలోని మాట ఆ వృత్తిలో వేరే అర్థంతో ఉంటే అది మంచి ఆనవాలు.

'త్రీ షీట్స్ టు ద విండ్' అంటే పూటుగా తాగి ఉండటం. షీట్ అంటే తెరచాప అనుకుంటే బోధపడదు. నావికుల భాషలో షీట్ అంటే తెరచాపను బిగించే తాడు. మూడు తాళ్లు వదులైతే ఓడ తాగినవాడిలా తూలుతుంది. 'బై అండ్ లార్జ్', అంటే మొత్తమ్మీద, కూడా ఓడదే, గాలికి ఎదురుగానూ గాలివాటుగానూ, ఎలాగైనా నడుస్తుంది అని. 'పాస్ ద బక్' పేకాటది: పంచే వంతు ఎవరిదో తెలిపే గుర్తును 'బక్' అనేవారు, దాన్ని పక్కవాడికి జరిపేస్తే బాధ్యత వాడిది. అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ ఆ జరపడం ఇక్కడితో సరి అని తన బల్ల మీద బోర్డు పెట్టుకున్నాడు. 'రీడ్ ద రయట్ యాక్ట్' కోర్టుది: 1715 నుంచి బ్రిటన్‌లో అమలైన చట్టం ప్రకారం 12 మంది, అంతకు మించి గుమిగూడి అల్లరి చేస్తుంటే అధికారి వచ్చి ఆ చట్టంలోని ప్రకటనను గట్టిగా చదివేవాడు. చదివాక గంటలోపు చెదిరిపోకపోతే మరణశిక్ష దాకా పడవచ్చు. అందుకే ఇది మామూలు తిట్టు కాదు, 'ఇదే ఆఖరి హెచ్చరిక' అనే గట్టి చీవాట్లు.

బైబిలువి మనకు కాస్త తేలిక, తెలుగు బైబిలే దగ్గర పెట్టుకుని చూడవచ్చు. 'ద రైటింగ్ ఆన్ ద వాల్' దానియేలు గ్రంథం అయిదో అధ్యాయంలోది. బెల్షస్సరు రాజు విందులో మునిగి ఉండగా ఒక చెయ్యి కనిపించి గోడ మీద 'మెనే మెనే టెకేల్ ఉఫార్సీన్' అని రాస్తుంది. దానియేలు దాని భావం చెబుతాడు, ఆ రాత్రే రాజు చచ్చిపోతాడు. ఇది తెలిస్తే ఈ జాతీయాన్ని 'గోడ మీది రాత' అని మక్కికి మక్కి తెలుగు చేయరు. మనకు గోడ రాతలంటే ఎన్నికల నినాదాలు. 'పతనం కళ్లెదుటే కనిపిస్తోంది' అంటే సరిపోతుంది.

నాటకశాలదొకటి నాకు మహా ఇష్టం. జాన్ డెన్నిస్ అనే రచయిత 1709లో లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో తన నాటకం వేయించాడు. చెక్క తొట్టెల్లో ఇనుప గుండ్లు దొర్లించి ఉరుముల శబ్దం పుట్టించే రోజులవి. డెన్నిస్ అంతకంటే మంచి ఉరుము కోసం కొత్త పద్ధతి కనిపెట్టాడు. నాటకం ఎక్కువ రోజులు నిలవలేదు. కొద్ది రోజులకు ఆయన అదే థియేటర్‌కు మాక్‌బెత్ చూడటానికి వెళ్తే, అందులో తన ఉరుమే మోగింది. నా నాటకాన్ని ఆడనివ్వరు గానీ నా ఉరుమును మాత్రం దొంగిలిస్తారా అని లేచి అరిచాడట. ఆయన అన్న మాటలు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉన్నా, సంగతి మాత్రం 18వ శతాబ్దంలోనే పుస్తకాలకెక్కింది. సురభి నాటకాల్లో ఉరుములు మెరుపులు చూసి నోరు తెరిచినవాళ్లకు డెన్నిస్ మనసు ఎంత మండి ఉంటుందో చెప్పనక్కర్లేదు. అందుకే 'స్టీల్ సమ్‌వన్స్ థండర్' అంటే దొంగతనం కాదు, ఒకరికి దక్కాల్సిన మెప్పును ఇంకొకరు కొట్టేయడం.

ఏడో అడుగు: మన నేల నుంచి వెళ్లినవి ఉన్నాయేమో చూడండి

దీనికి ఒక మంచి పుస్తకం ఉంది: హాబ్సన్ జాబ్సన్, 1886లో వచ్చింది. హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఆర్థర్ బర్నెల్ కలిసి తయారుచేసిన ఈ నిఘంటువులో భారతదేశం నుంచి ఇంగ్లీషులో చేరిన మాటలన్నీ తేదీలతో, ఉదాహరణలతో ఉంటాయి. చికాగో యూనివర్సిటీ దీన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. పీర్ల పండుగ రోజుల్లో 'యా హసన్, యా హుసేన్' అనే శోకాలు తెల్ల సైనికుల చెవుల్లో పడి, వాళ్ల నోట తిరిగి తయారైన మాటే దాని పేరు. మన 'పందికొక్కు' ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అయిందని అందులో చూడవచ్చు.

జాతీయాల్లో 'గోయింగ్ డూలాలీ' ఇలాంటిదే. పిచ్చెక్కడం అని అర్థం. మహారాష్ట్రలో నాసిక్ పక్కన దేవ్‌లాలీ అని ఊరు ఉంది. బ్రిటిష్ సైన్యానికి అక్కడ పెద్ద శిబిరం ఉండేది. సర్వీసు ముగిసిన సైనికులు ఇంటికి వెళ్లే ఓడ కోసం అక్కడే ఎదురుచూసేవారు. సైనికుల ఓడలు ఏడాది పొడుగునా నడిచేవి కావు, చలికాలపు నెలల్లోనే వచ్చేవి. అవి వెళ్లిపోయాక చేరినవాడు ఎండాకాలం, వానాకాలం పనీపాటా లేకుండా గడపాలి. తాగుడు, తగాదాలు, మలేరియా. అక్కడ మతి చలించినవాడికి 'డూలాలీ తప్' పట్టిందనేవారు. తప్ అంటే జ్వరం, మన 'తాపం'కు చుట్టమే. తర్వాత తప్ రాలిపోయి డూలాలీ మిగిలింది.

ఇంగ్లీషులో పెద్ద మనిషిని 'బిగ్ చీజ్' అంటారు. అది తినే చీజ్ కాదు, ఉర్దూ 'చీజ్', అంటే వస్తువు. అసలైన సరుకు అనే అర్థంలో ఆంగ్లో ఇండియన్ల నోట నలిగి ఇంగ్లండ్ చేరింది. 'బిగ్' తగిలించింది అమెరికన్లు. ఇక 'గోల్కొండ' అనే పేరే ఇంగ్లీషు నిఘంటువుల్లో అంతులేని సంపదకు మారుపేరుగా ఉంది. గనులు గోల్కొండలో లేవు, కృష్ణానది ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. గోల్కొండ వజ్రాల బేరానికి పేరుబడింది.

ఎదురు దిక్కున, ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న వాటి పక్కనా ఇదే పరీక్ష పెట్టాలి. 'తెల్ల ఏనుగు' తెలుగు పేపర్లలో రోజూ కనిపిస్తుంది. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజులు గిట్టని వాళ్లను దివాలా తీయించడానికి తెల్ల ఏనుగును బహుమతిగా ఇచ్చేవారన్నది కథ. కానీ సయాం రాజులకు తెల్ల ఏనుగు రాజ్యానికే శుభం. వాటి కోసం 16వ శతాబ్దంలో బర్మా రాజుతో యుద్ధమే జరిగింది. అంత విలువైన దాన్ని శత్రువు చేతిలో పెడతారా? కథ ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంది గానీ, సయాం చరిత్రలో దానికి ఊతం లేదు.

చివరి అడుగు: కార్డు రాసిపెట్టుకోండి

ఒక్కో జాతీయానికి ఒక కార్డు, లేదా ఫోన్లో ఒక నోట్. అందులో విన్న వాక్యం, అర్థం, ఎవరి ముందు వాడవచ్చో, రాతలో మొదటి తేదీ, ప్రచారంలో ఉన్న కథ, ఆ కథ మీద మీ తీర్పు ఉండాలి. తీర్పు మూడే రకాలు: రుజువైంది, నమ్మదగింది, తేలలేదు. నాలుగోది అక్కర్లేదు, అబద్ధమని తేలిన కథను ఎర్ర ఇంకుతో కొట్టేసి వదిలేయండి, చింపకండి. ఆ కథ మళ్లీ ఎవరో చెబుతారు, అప్పుడు మీ దగ్గర జవాబు ఉండాలి.

నమూనాకు ఒక కార్డు. జాతీయం: హాబ్సన్స్ ఛాయిస్. మన దేశపు ఇంగ్లీషు రాతల్లో దీన్ని 'రెండూ చెడ్డవే, ఏది ఎంచుకోవాలి' అనే ఇరకాటానికి వాడటం తరచూ కనిపిస్తుంది. పుట్టుక: థామస్ హాబ్సన్ (1544–1631) కేంబ్రిడ్జ్‌లో గుర్రాలు అద్దెకిచ్చేవాడు. కుర్రాళ్లు ఎప్పుడూ మంచి గుర్రాలనే అడిగి వాటిని అలవగొట్టేస్తున్నారని, తలుపు దగ్గర ఏ గుర్రం ఉంటే అదే తీసుకోవాలి, వద్దంటే వెళ్లిపోవాలి అని నియమం పెట్టాడు. ఆయన పోయినప్పుడు అక్కడే చదువుకుంటున్న జాన్ మిల్టన్ రెండు పద్యాలు రాశాడు. 1712లో స్పెక్టేటర్ పత్రిక ఈ గుర్రాల సంగతంతా వివరించింది. తీర్పు: రుజువైంది. వాడుక: ఇస్తే ఇదే, లేకపోతే లేదు అన్నప్పుడు మాత్రమే. ముందు నుయ్యి వెనక గొయ్యి అనాల్సినచోట హాబ్సన్ పేరెత్తకూడదు.